పిల్లలకోడి దిగే వేళ

మా బావికి రాత్రిపూట గడియారం ఆకాశంలో ఉండేది. నల్లగొండ జిల్లాలో, మునుగోడు దిక్కున మాదొక చిన్న ఊరు. కాలువలు లేవు, బావే దిక్కు. మా తాతకూ, ఆయన తమ్ముడు చిన్నతాతకూ పంపకాల్లో భూములు విడిపోయినా బావి మాత్రం పొత్తులోనే ఉండిపోయింది. యాసంగిలో ఊట సన్నగిల్లేది. పగలంతా ఊరిన నీళ్లను రాత్రి రెండు వంతులుగా తోడుకునేవాళ్లు. ఊరు మాటుమణిగాక మోట మొదలైతే, పిల్లలకోడి పడమటి తాళ్ల మీద వాలేదాకా మా నీళ్లు. అది వాలిందంటే అక్కడి నుంచి తెల్లవారేదాకా చిన్నతాత నీళ్లు. దీనికి కాగితం లేదు, సాక్షి సంతకాలు లేవు. నాకు తెలిసి ఆ వంతు విషయంలో అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట అనుకోలేదు.

పిల్లలకోడి అంటే పంచాంగంలో కృత్తికలు. తల్లికోడి చుట్టూ పిల్లలు ముసురుకున్నట్టుండే చిన్న చుక్కల గుంపు. తాతకు అప్పటికే చూపు మందగించింది. పెద్ద చుక్కలు ఆనేవి గానీ ఈ కోడి మాత్రం ఆనేది కాదు. అందుకే తొమ్మిదేళ్ల నన్ను వెంట తీసుకుపోయేవాడు. నాయిన మోట కొట్టేవాడు. తాత పార పట్టుకుని మడులకు నీళ్లు మళ్లించేవాడు. గట్టు మీద గొంగడి కప్పుకుని కూర్చుని కోడిని కనిపెట్టుకుని ఉండడం నా పని. అవతలి గట్టు మీద చిన్నతాత కొడుకు, మా చిన్నాయిన, కూర్చునేవాడు. ఒక మడి నిండి ఇంకో మడికి నీళ్లు తిప్పినప్పుడల్లా తాత తలెత్తి అడిగేవాడు.

"కోడి దిగిందా బిడ్డా?"

ఇది 1977 సంక్రాంతి నాటి మాట. అప్పటికి మా ఊళ్లో కరెంటు లేదు.

బావి దగ్గరికి పోయేటప్పుడు కందీలు తీసుకుపోయేవాళ్లం కాదు. గాసునూనె కరువు ఒక కారణం. అసలు కారణం తాత చెప్పాడు. "దీపం పట్టుకుంటే దీపం కాడిదాకనే కనవడ్తది. దీపం లేకుంటే చెలకంత కనవడ్తది." వాకిలి దాటాక వేపచెట్టు కింద కాసేపు నిలబడేవాళ్లం. ముందు ఏమీ తెలిసేది కాదు. తర్వాత బండ్లబాట పాలిపోయిన గీతలా తేలేది. ఆ తర్వాత గెట్ల మీది తుమ్మలు, వాటి వెనక తాళ్లు, అన్నిటికన్నా చివర ఎదురుగా వస్తున్న మనిషి నడక. మొహం కనిపించకపోయినా నడకను బట్టి ఎవరో చెప్పేసేవాళ్లం. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుందనీ, మధ్యలో ఒక్కసారి పెద్ద వెలుగు పడితే ఆ అలవాటంతా మళ్లీ మొదటికొస్తుందనీ చాలా ఏళ్లకు చదివాను. వేపచెట్టు కింద తాత ఆగిన ఆ కాసేపటికి అర్థం అప్పుడు తెలిసింది.

మడిలోకి నీళ్లెక్కడం చీకట్లోనే చూడాలి. కాలువ గండి తెగ్గొట్టగానే నీళ్లు వస్తున్న చప్పుడు ముందు వినిపిస్తుంది, ఎండిన మన్ను గుటకలేసినట్టు. నీళ్లు కనిపించవు. మడి మూలలో ఒక చుక్క పుడుతుంది. దాని పక్కన ఇంకోటి. నీళ్లు పాకేకొద్దీ చుక్కలు పాకుతాయి, వణుకుతాయి, నారు మొదళ్ల దగ్గర విరుగుతాయి. మడి నిండి నీళ్లు కుదురుకునే సరికి ఆకాశం ముక్క ఒకటి కింద పరిచినట్టు నిలకడగా ఉంటుంది. తాతకు తలెత్తితే కనిపించని చుక్కలు తల దించినా కనిపించేవి కావు గానీ, మడి నిండిందీ లేనిదీ ఆయన పాదంతోనే తెలుసుకునేవాడు. నేను మాత్రం "నిండింది తాతా, చుక్కలు కదలడం లేదు" అనేదాన్ని. ఆయన దానికి ఎంతో సంబరపడేవాడు.

ఒక రాత్రి అబద్ధమాడాను. మాకు ఇంకా రెండు మడులు మిగిలి ఉన్నాయి. ఆ యేడు నీళ్లు మరీ తక్కువ. కోడి తాటిమట్టల్లోకి దిగడం నాకు స్పష్టంగా కనిపించింది. తాత అడిగితే "ఇంకా లేదు" అన్నాను. అవతలి గట్టు మీద చిన్నాయిన లేచి నిలబడ్డాడు. ఆయనకూ కనిపించే ఉంటుంది. కానీ ఏమీ అనలేదు, అలాగే నిలబడ్డాడు. ఒక మడి నిండింది. తాత రెండోసారి అడగలేదు. మెల్లగా నడుం నిటారు చేసుకుని పడమటికి తిరిగి, తనకు కనిపించే గొల్లకావడి ఎక్కడుందో చూసుకున్నాడు. చూసి, మోట ఆపమని నాయినకు కేకేశాడు. మిగిలిన మడి ఎండిందే. ఇంటికి పోయేదాకా నాతో మాట్లాడలేదు. తెల్లారి మాత్రం ఒకటే మాట చెప్పాడు. "ఇయ్యాల్టి సంది నువ్వు చిన్నతాత గట్టు మీద కూసోని చూడాలె." మూడు రాత్రులు అటు కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే కోడి దిగడానికి ఎంత ఆలస్యం చేస్తుందో అప్పుడు తెలిసింది.

గొల్లకావడి అని మావాళ్లు అనేది వరుసగా నిలిచిన మూడు చుక్కల్ని. ఇంగ్లీషు పుస్తకాల్లో అది వేటగాడి నడుంపట్టీ, మాకేమో గొల్లవాడి భుజం మీది కావడి. వంతుల లెక్కలో దానికీ ఒక పాత్ర ఉంది. చుక్కలు రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా దిగుతాయి, నెలకు రెండు గంటలు. సంక్రాంతికి రెండింటి ప్రాంతంలో తాళ్ల మీద వాలే కోడి, ఇరవై రోజులు తిరిగేసరికి ఒంటిగంట కాకముందే వాలిపోతుంది. అలా వదిలేస్తే మా వంతు రోజురోజుకూ తరిగిపోవాలి. అందుకని సంక్రాంతి పోయిన మూడో వారంలో ఇద్దరూ కలిసి కోడిని వదిలి గొల్లకావడికి మారేవాళ్లు. అది కోడి కన్నా సుమారు గంటా ఇరవై నిమిషాలు వెనక అస్తమిస్తుంది. రోజుకు నాలుగు చొప్పున ఇరవై రోజుల తరుగు ఎనభై నిమిషాలు, అంటే సరిగ్గా అంతే. ఈ లెక్క నేను కాగితం మీద వేసుకున్న రోజు చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. మా వాళ్లలో ఎవరికీ నిమిషం అంటే ఏమిటో తెలియదు. ఎన్ని తరాలు, ఎన్ని చలిరాత్రులు గట్ల మీద కూర్చుంటే ఇది కుదిరి ఉంటుంది!

కావడి మూడు చుక్కలూ కాంతిమంతమైనవి. తాతకు ఆనేవి. కాబట్టి ఆ మారిన రోజుతో నా కొలువు ఆ యేటికి ముగిసేది.

మళ్లీ ఎండాకాలం చివర్లో అదే కావడి సాయంత్రం పడమటి వెలుగులో కలిసిపోయేది. తాత అప్పుడు "కావడి పొద్దుల కలిసింది, ఇగ నాగండ్లు, గుంటుకలు సాపు చేసుకోవాలె" అనేవాడు. కార్తెల మర్మం అంతా ఆ మాటలో ఉంది. మృగశిర కార్తె అంటే సూర్యుడు మృగశిర దగ్గర ఉన్న రోజులు. జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. ఆ రోజుల్లో ఆ చుక్కలు రాత్రి కనపడవు, పగటి ఎండలో ఉంటాయి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని చెప్పుకునే రైతు, అసలు ఆ కార్తెలో ఆ చుక్కను చూడలేడు. ఏ చుక్క మాయమైందో చూసి ఏ వాన దగ్గరపడిందో తెలుసుకునేవాడు.

నాయినమ్మ ఆకాశం వేరు. వేసవిలో వాకిట్లో నులకమంచాలు వేసి, నీళ్లు చల్లి, అందరం వరుసగా పడుకునేవాళ్లం. ఉత్తరాన సప్తర్షులు ఆమెకు ఋషులు కారు. నాలుగు చుక్కలు ముసలవ్వ మంచం కోళ్లు, తోకలోని మూడూ ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. ముసలవ్వ నిద్రపోదు, దొంగలు మంచం వదలరు, అలా తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటారు. నడిమి దొంగ పక్కన ఉన్న చిన్న చుక్క కనిపిస్తోందా అని మమ్మల్ని ఒక్కొక్కర్నీ అడిగేది. అదే అరుంధతి. కనిపించిన పిల్లలకు కళ్లు బాగున్నట్టు. మా ఊరి నుంచి ధ్రువుడు ఉత్తరాన పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, చెరువుకట్ట మీది మర్రికి కాస్త పైన. అందుకే ముసలవ్వ మంచం మాకు ఏడాది పొడవునా కనిపించదు. వానాకాలం పోయాక సాయంత్రాలు వెతికితే ఉండదు, కట్ట కిందికి దిగిపోయి ఉంటుంది. "ముసలిదానికి ఇప్పటికి కునుకు పట్టింది" అని నాయినమ్మ తృప్తిగా అనేది.

దక్షిణాన తేలు. ఆ పేరు ఎవరూ చెప్పనక్కరలేదు, కొండి పైకెత్తి అచ్చం తేలులాగే ఉంటుంది. మధ్యరాత్రి మెలకువ వస్తే దాని కొండి పక్క నుంచి పాలపుంత లేచి ఆకాశం నిట్టనిలువునా పాకి ఉండేది. పుంత అంటే చేల నడుమ బండిదారి. అంత వెడల్పు దారి మా ఊళ్లో లేదు. అది తెల్లగా, అక్కడక్కడా చీలి, ఎవరో నడిచిపోతే దుమ్ము లేచినట్టు ఉండేది. రోజూ ఉండేదే కాబట్టి దాన్ని ప్రత్యేకించి ఎవరమూ చూడలేదు. ఇవాళ నన్ను బాధపెట్టేది అదే.

కార్తీక పున్నమి నాడు తులసి దగ్గర దీపం పెట్టి నాయినమ్మ పైకి చూసి, "ఇయ్యాల చంద్రుడు కోడిపిల్లలకాడికి పోయిండు" అనేది. ఏటా అనేది. కృత్తికల దగ్గర పున్నమి చంద్రుడు నిలిచే నెల కనుకనే అది కార్తీకమని, చిత్త దగ్గర నిలిస్తే చైత్రమని, విశాఖ దగ్గరైతే వైశాఖమని హైదరాబాదులో చదువుకునేటప్పుడు పుస్తకంలో చూసి ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోవలసిన పని లేదు. ఆమె నాకు పదేళ్లపాటు చెప్పింది, నేను వినలేదు.

వెన్నెలకు ఒక పద్ధతి ఉండేది. పొరుగూరు ప్రయాణాలు, కల్లంలో బంతి తిప్పడం, ఒగ్గుకథలు, భాగవతాలు అన్నీ వెన్నెల రోజుల్లో. పున్నమి దాటితే చంద్రుడు రోజుకు ముప్పావుగంటకు పైగా ఆలస్యంగా పొడుస్తాడు. "చవితి వెన్నెలకు బయలుదేరుదాం" అంటే అన్నాలు తిని ఒక కునుకు తీసి అని అర్థం. ఇక బతుకమ్మ. ఎంగిలిపువ్వు బతుకమ్మ అమావాస్య నాడు, కటిక చీకట్లో మొదలవుతుంది. రెండోనాడో మూడోనాడో పడమట సన్నటి నెలవంక కనిపిస్తుంది. రోజుకింత పెరుగుతూ సద్దుల బతుకమ్మకు సగం చంద్రుడు తలపైకి వస్తాడు. చెరువులో బతుకమ్మలను వదిలి, సద్దులు పంచుకుని ఇళ్లకు మళ్లేటప్పుడు దారి పొడుగునా వెలుగే. తొమ్మిది రోజుల్లో పాటా, పూలూ, వెలుగూ కలిసి పెరిగే పండుగ అది. ఇప్పుడు స్తంభాలకు కట్టిన పెద్ద లైట్ల కింద ఆడుతున్నాం. అమావాస్యకూ అష్టమికీ తేడా తెలియడం లేదు.

చీకటిని మెచ్చుకుంటూ రాస్తున్నానని కరెంటు రాకపోతే బాగుండేదని నేననను. ఎవరూ అనలేదు. నాయినమ్మ చెల్లెలు పేడకళ్లెత్తడానికి చీకటితో లేచి పాముకాటుకు పోయింది. నా తర్వాతి చెల్లి పుట్టినప్పుడు మంత్రసాని ఒక చేత్తో కందీలు పట్టుకుని ఇంకో చేత్తో అమ్మ ప్రాణం పట్టుకుంది. ఒక్క కందీలు చుట్టూ ముగ్గురం చదువుకుంటే ఎవరి నీడ వారి పుస్తకం మీదే పడేది. 1978లో స్తంభాలు నాటి, బొడ్రాయి దగ్గర మొదటి బల్బు వెలిగించిన రోజు తాత దానికి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

అయితే ఆ బల్బు వల్ల ఒక కష్టం వచ్చింది. దాని గురించి ఎవరూ పైకి మాట్లాడలేదు. అప్పట్లో మా ఊళ్లో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు వేగుచుక్క పొడవకముందే లేచి, గుంపుగా, తూర్పు బాట పక్కకు పోయేవాళ్లు. చీకటే వాళ్ల తడిక. బల్బు ఆ బాట మొదట్లో పడింది. నెల తిరక్కుండానే వాళ్లు ఆ దారి మానేసి, చెరువు వెనక ముళ్లకంపల్లోకి, ఇంకో అరమైలు దూరం నడవడం మొదలుపెట్టారు. అమ్మ అలసటగా తిరిగి వచ్చి కాళ్ల ముళ్లు తీసుకుంటూ ఉండేది. బల్బుతోపాటే మరుగుదొడ్డి కూడా రావాలని ఆలోచించిన వాళ్లెవరూ లేరు. మా ఇంటికి అది రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. అమావాస్య. సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా మా జిల్లా మీదుగా పోయింది. ఊళ్లో తలుపులు మూశారు, నీళ్లకుండల మీద గరిక వేశారు, చూలాలిని కదలనివ్వలేదు. తాత మాత్రం ఎద్దులను కట్టేయడానికి కొట్టంలో ఉన్నాడు. నేను ఆయన దగ్గరున్నాను. మధ్యాహ్నం మూడున్నర దాటాక ఎండ రంగు మారింది. సాయంత్రపు ఎండలా ఎర్రబడలేదు, ఇత్తడిలా పాలిపోయింది. కొట్టం కప్పులోంచి నేల మీద పడే చిన్న చిన్న ఎండచుక్కలన్నీ నెలవంకలయ్యాయి, వందల నెలవంకలు. కాకులు చింతచెట్టుకు చేరాయి. ఒక్కసారిగా దీపం తగ్గించినట్టయింది. తాత నన్ను బయటికి పంపలేదు గానీ, కొట్టం చూరు కింది నుంచి నడినెత్తికి కాస్త పడమరగా ఒక పెద్ద చుక్క కనిపించింది. శుక్రుడు. పగటి పూట! తాతకూ ఆనింది. రెండు నిమిషాలో, అంతకు కాస్త అటూ ఇటూనో, అంతే. మళ్లీ వెలుగొచ్చింది, కోడి కూసింది. ఎద్దులు నెమరు వేయడం మళ్లీ మొదలుపెట్టాయి.

ఆ రోజు మా ఊరికి పడమట, జాపాల్-రంగాపూర్ గుట్ట మీది వేధశాలలో శాస్త్రజ్ఞులు అదే చీకటి కోసం కాచుకుని ఉన్నారు. తెలుగునేల మీద గ్రహణం పట్టిన చరిత్ర పెద్దదే. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుడి అంచు మంటలను వర్ణపటంలో చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన ఒక పసుపు గీతే, అప్పటికి భూమి మీద ఎవరికీ తెలియని హీలియం జాడ. జాపాల్-రంగాపూర్ కథ మాత్రం నాకు ఎక్కువ దగ్గరిది. 1901లో మొదలైన హైదరాబాదు నిజామియా వేధశాల, నగరం పెరిగి రాత్రులు తెల్లబడడంతో చుక్కల కోసం ఊరు విడిచి రావలసి వచ్చింది. 48 అంగుళాల దూరదర్శినిని 1968లో ఈ గుట్ట మీద నిలబెట్టారు. నేను పుట్టిన ఏడది. ఆ తర్వాత నగరం ఆ గుట్ట వైపు కూడా నడిచి వచ్చింది.

1986 ఏప్రిల్‌లో హాలీ తోకచుక్క కోసం ఉస్మానియా హాస్టల్ మిద్దె ఎక్కితే ఏమీ ఆనలేదు. ఆ వారం ఊరికి వస్తే చెరువుకట్ట దక్షిణాన, బూడిద అంటుకున్నట్టు కనిపించింది. ఊళ్లో అప్పటికి వీధికొక బల్బే. పసుపు వెలుగు, దాని కింద చీమలపుట్టంత జాగా. మోటలు పోయి మోటార్లు వచ్చాయి. వంతు చేతిగడియారంలోకి మారింది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు నీళ్లు కాబట్టి, కొన్నాళ్లకు గడియారం కూడా అక్కరలేకపోయింది. అర్ధరాత్రి కరెంటొస్తే లేచి పరుగెత్తడం, టార్చిలైటు వెలుగు పడిన చోటే చూసుకుని నడవడం, ఆ వెలుగుకు పక్కన ఉన్న పామును తొక్కడం. అలా పోయిన వాళ్లు మా మండలంలోనే ఉన్నారు. 2018 జనవరి నుంచి సేద్యానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక ఆ పరుగు ఆగింది. అది మేలే. ఆ తర్వాత వీధుల్లోకి తెల్లటి ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. ఆ తెలుపులో నీలం పాలు ఎక్కువ. నీలం గాలిలో ఎక్కువగా చెదురుతుంది, అందుకే పగటి ఆకాశం నీలం. రాత్రి లైటు కూడా అదే పని చేసి ఆకాశానికి సున్నం కొడుతుంది. 2016లో వచ్చిన ప్రపంచ పటం ప్రకారం మనుషుల్లో మూడో వంతుకు పైగా తామున్న చోటి నుంచి పాలపుంతను చూడలేరు. చీకటిని కాపాడడానికి మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లే చుట్టూ 2022లో ఒక ప్రాంతాన్నే కేటాయించారు. దీపానికి పైన ఒక మూత పెట్టి వెలుగును నేల వైపు తిప్పితే చాలు, మనకు దారీ దక్కుతుంది, చుక్కలూ దక్కుతాయి. ఈ మాట మా పంచాయతీలో రెండుసార్లు చెప్పాను. ఇంకా చెబుతాను.

మొన్న సంక్రాంతికి ఊళ్లో ఇల్లంతా బంధువులు. జాగా చాలక కొందరం దుప్పట్లు కప్పుకుని మిద్దె మీద పడుకున్నాం. ఏ రాత్రివేళో మెలకువ వచ్చి చూస్తే చిన్నాయిన పిట్టగోడ పట్టుకుని పడమటికి తిరిగి నిలబడి ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కింద వీధిలైటు ఆయన మొహం మీదికి కొడుతోంది. తాళ్లు లేవు, వాటి జాగాలో సెల్ టవరు ఎర్రదీపం. పడమటి ఆకాశం అడుగంతా హైదరాబాదు వెలుగు.

నేను లేచిన చప్పుడు విని తల తిప్పకుండానే అడిగాడు.

"కోడి దిగిందా బిడ్డా?"

వీధిలైటుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. కళ్లు కుదురుకున్నాక టవరుకు కాస్త పైన మసక మరక ఒకటి తేలింది. దాంట్లో ఒక చుక్క, పక్కన ఇంకోటి. మూడోది ఉందో లేదో. నాయినమ్మతో ఆరు లెక్కపెట్టేదాన్ని.

"దిగుతున్నది చిన్నాయినా. టవరు మీదికి వచ్చింది."

"అయితే ఇగ మీ వంతు అయిపోయింది" అన్నాడు. "మా నీళ్లు ఇడువు."